కాళ్ళకి వచ్చిన గాలి

వ్యాను కింద పడుకుని పనిచేయడం ఒక ఎత్తు, వ్యాను లోపల డ్యాష్‌బోర్డు కిందకి తల దూర్చి పనిచేయడం ఇంకో ఎత్తు. కింద అయితే వీపుకి నేల ఆనుతుంది. ఇక్కడ నడుము తలుపు అంచు మీద, మోకాళ్ళు బయట చలిలో, తల హీటరు పెట్టె కింద, నోట్లో టార్చి. ఇరవై తొమ్మిదేళ్ళుగా పాత బండ్ల కడుపుల్లోనే బతుకుతున్నాను, ఈ భంగిమ నాకేం కొత్త కాదు, అయినా ఇవాళ మెడ పట్టేసింది, పదీ పది దాటింది, పదకొండుకి తనిఖీ ఆఫీసరు వస్తానన్నాడు, ఆయన ఇచ్చిన జాబితాలో అన్నీ అయిపోయాయి, బ్రేకులు అయ్యాయి, సొట్టపడ్డ తలుపు అయింది, పగిలిన లైటు అయింది, మిగిలింది ఒక్క ఆఖరి గీత, ముందు అద్దానికి వెచ్చగాలి రావాలి, అంతే, చిన్న కేబులు పని, కళ్ళు మూసుకుని చేస్తానని పదిమందిలో గొప్పలు పోయే పని. పైన డ్రైవరు సీట్లో అక్క కూర్చుంది. ఈ పనికి ఇద్దరు కావాలి, ఒకరు కింద తీగని చూసుకోవాలి, ఒకరు పైన లివరు తొయ్యాలి, షెడ్డులో నాకు తోడెవరూ లేరు కనక అక్కని పిలిచాను. చెప్పులు బయటే విడిచి ఎక్కింది, బావ బండిలో బురద అంటకూడదట. ఇక ఈ బండి బావది కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, ఆ మాట ఇద్దరమూ అనుకోలేదు.

బావ షెడ్డు చివరి గదిలో ఉన్నాడు, బల్ల ముందు, కాగితం ముందు. ఆ కాగితంలో ఏముందో నాకు కంఠతా వచ్చు, బావ మాటలుగా రాసింది నేనే కదా. కొండ మీది ఆసుపత్రికి పొద్దుటి డ్యూటీ నర్సులను తీసుకెళ్తూ నేను స్టీరింగు దగ్గర కునుకు తీశాను, ఇకపై మనుషులను ఎక్కించుకునే బండి నడపను, నా లైసెన్సు తిరిగి ఇచ్చేస్తున్నాను, ఇట్లు, ఆ కింద ఖాళీ. ఆ ఖాళీలో ఆఫీసరు ఎదురుగా బావ సంతకం పెట్టాలి. కునుకు అనే మాట దగ్గర చదువుతున్న ఆయన వేలు ఆగిపోయింది మొన్న, ఇంకేదైనా మాట ఉందేమో చూడరా అన్నాడు, నిద్ర అని రాయనా బావా అన్నాను, వద్దులే కునుకే ఉండనీ అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళు బండి తోలిన మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు ఇల్లంతా తలో మూల పడి గురకలు పెడుతుంటే గుమ్మంలో కూర్చుని పేపరు చదివే మనిషి. అక్క వేళాకోళం చేసేది, నన్ను పెళ్ళి చేసుకోవడానికి వచ్చాడా, కాపలా కాయడానికి వచ్చాడా అని. అలాంటి మనిషి చేత ఆ మాట ఒప్పించాను, అదీ నా చేతి రాత బాగుంటుందని నేనే రాసిచ్చాను.

మూడు వారాలైంది. చలికాలం మొదటి వాన, తెల్లారి ఏడు గంటలు, తడిసిన కోట్లతో పదకొండు మంది, కొండ దారిలో మూడో మలుపు. వ్యాను పిట్టగోడని రాసుకుంటూ పోయి కాలువలో ఒరిగింది. ఒక నర్సుకి మెడ దగ్గర ఎముక విరిగింది, బావకి నుదుటి మీద ఏడు కుట్లు, తక్కినవాళ్ళకి గీరుడు దెబ్బలు, అంతటితో పోయింది, ఇంకో నాలుగు అడుగులు జరిగి ఉంటే గోడ లేదు అక్కడ. బావ మొదట ఒప్పుకోలేదు. అద్దమంతా ఆవిరి కమ్మేసిందన్నాడు, గాలి పెట్టానన్నాడు, అయినా పోలేదన్నాడు. పెట్టానంటావు, పోలేదంటావు, రెండూ ఎలా కుదురుతాయి బావా, అని అడిగింది నేను. లాయరులాగా అడిగాను. రెండో సీట్లో కూర్చున్న నర్సు ఆయన తల కిందకి వాలడం చూసిందట. ఇంకేమైనా గుర్తుందా అని ఆసుపత్రి మంచం పక్కన అడిగితే కాసేపు కళ్ళు మూసుకుని, కాళ్ళు మాత్రం వెచ్చగా హాయిగా ఉన్నాయిరా అన్నాడు, పాపం, తనకి పనికిరాని నిజాన్ని కూడా దాచుకోవడం చేతకాదు ఆయనకి. ఇంకేముంది, తల వాలింది, కాళ్ళు వెచ్చబడ్డాయి, నిద్ర కాకపోతే ఏమిటది, అని అందరికంటే గట్టిగా వాదించింది నేను. ప్రేమతోనే వాదించాను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఈసారి గోడ ఆపింది, ప్రతిసారీ ఆపదు అని. వాదించి వాదించి ముందు అక్కని, ఆ తర్వాత ఆయన్ని నమ్మించేశాను. ఇప్పుడు ఆయనే అంటున్నాడు, పడుకున్నానేమోరా, పడుకున్నవాడికి పడుకున్నట్టు తెలియదు కదా అని. రాత్రుళ్ళు మంచం ఎక్కకుండా కుర్చీలో నిటారుగా కూర్చుంటున్నాడట, నిద్ర తనకి చెప్పకుండా ఎప్పుడొస్తుందో కనిపెడదామని. అక్క ఆ సంగతి చెప్పి ఏడ్చింది. నేను కూడా తల అడ్డంగా ఊపాను, అయ్యో అన్నాను, పైగా డాక్టరుకి చూపించమన్నాను.

సరే, పని చూద్దాం, ఆ ఆలోచనలు పని పూర్తయ్యాక. పెట్టెలో ఒక రేకు మూత ఉంటుంది, అటు వాలితే గాలి అద్దానికి పోతుంది, ఇటు వాలితే కాళ్ళకి పోతుంది. మూతకి బయటివైపు వేలెడంత చెయ్యి, ఆ చేతికి రెండు రంధ్రాలు, ఇరుసుకి పైన ఒకటి, కింద ఒకటి, రంధ్రం మారిస్తే మూత వాలే వైపు తిరగబడుతుంది. లివరు నుంచి వచ్చే గట్టి తీగ కొనని ఆ రంధ్రంలో దూరుస్తాం, తీగ మీది తొడుగుని క్లిప్పుతో బిగిస్తాం. లివరు ఒక చివరకి తోసి, మూతని ఒక చివరకి ఆనించి, అప్పుడు క్లిప్పు బిగించాలి. ఒక గింజంత తేడా వస్తే మూత పూర్తిగా ఆనదు, గాలి అటూ ఇటూ పంచుకుపోతుంది. తీగ బాగానే ఉంది, క్లిప్పు బాగానే ఉంది, దెబ్బకి ఏమీ కదల్లేదు, నేను బిగించింది ఎక్కడికి కదులుతుంది అని ఒక క్షణం గర్వం కూడా వచ్చింది. ఇంజను వేడెక్కే ఉంది. నోట్లోంచి టార్చి తీశాను.

"అక్కా, ఫ్యాను వెయ్యి. వేసి, లివరు అద్దం బొమ్మ మీదకి తొయ్యి."

"ఏది, వంకర గీతలు పైకి లేస్తున్నట్టుందే, అదా?"

"అదే."

"తోశాను."

నా కళ్ళ ముందే మూత చెయ్యి టక్కున కదిలింది. కదలాల్సిన వైపు కాదు. పైన పెట్టెలో గాలి హోరు మారింది, నా చెవి పక్కనుంచి వెచ్చగా దూసుకుపోయింది, అక్క ఉత్తికాళ్ళు రెండూ చాచి వేళ్ళు ఆడించింది.

"అబ్బ, కాళ్ళకి ఎంత హాయిగా ఉందిరా."

ఏమంది అక్క. కాళ్ళకి, హాయిగా, ఇవే మాటలు ఆసుపత్రిలో విన్నాను, కట్టు కింద నుంచి, మందు వాసనలో, విని తల పంకించి, చూశావా అన్నట్టు అక్కవైపు చూశాను నేను. కాదు, ఆగు, తొందరపడకు, దెబ్బకి తీగ ఊడి ఉంటుంది, ఊడలేదు, ఇందాకే చూశావు, క్లిప్పు జారి ఉంటుంది, జారలేదు, క్లిప్పు స్క్రూ మీద గుర్తుగా నువ్వు వేసిన తెల్ల రంగు చుక్క కూడా చెదరలేదు. అక్కా మళ్ళీ అటు తొయ్యి అన్నాను, తోసింది, గాలి అద్దానికి పోయింది, అటంటే ఎటు, కాళ్ళ బొమ్మ మీదకిట. మళ్ళీ ఇటు, కాళ్ళకి. కాళ్ళ బొమ్మ పెడితే అద్దానికి, అద్దం బొమ్మ పెడితే కాళ్ళకి. రెండు నెలల కిందట లివర్లు విరిగిపోతే పాత ఇనుము దొడ్డిలో ఇదే రకం వ్యాను, కాస్త తర్వాతి ఏడాదిది, దాని లివర్ల పలక పీక్కొచ్చి ఇక్కడ పెట్టాను. ఒంటరిగానే చేశాను ఆ రోజు, ఇద్దరి పని ఒక్కణ్ణే చేశానని సాయంత్రం అక్క వాళ్ళింట్లో చెప్పుకున్నాను కూడా. కింద పడుకుని, చెయ్యి పైకి పోనిచ్చి, తడిమి లివరు ఎడమకి తోశాను, ఈ వ్యాన్లలో ఎడమ అంటే అద్దం, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎడమ అంటే అద్దం, పై రంధ్రంలో తీగ దూర్చి బిగించి అరచెయ్యి అద్దం దగ్గర పెట్టి చూశాను, గాలి వచ్చింది, లేచి చేతులు తుడుచుకున్నాను. బొమ్మలు చూడలేదు. ఆ తర్వాతి ఏడాది వ్యాన్లలో బొమ్మలు తారుమారు చేసి వేశారని నాకెందుకు తెలియాలి, నా చేతులకి కళ్ళున్నాయి కదా, బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి గానీ నాకెందుకు.

ఇంకా ఉంది. తలుచుకోను అనుకున్నా వచ్చేస్తోంది. బండి ఇచ్చిన రోజు బావ సీట్లో కూర్చుని కళ్ళజోడు సర్దుకుని పలక కేసి చూసి, పాతదాంట్లో ఎడమకి తోసేవాణ్ణిరా, ఇప్పుడూ అంతేనా అని అడిగాడు. నేను అప్పటికే ఇంకో బండి కిందకి దూరుతున్నాను. బొమ్మలు వేసి ఉన్నాయిగా బావా, బొమ్మ చూసి తొయ్యి అన్నాను. బావకి రాసి ఉన్నదంటే అదే వేదం. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా అట్టమీది అక్షరాలన్నీ చదివిగానీ వేసుకోడు. బొమ్మ చూసి తొయ్యమంటే బొమ్మ చూసే తోస్తాడు. అప్పటికింకా చలి మొదలుకాలేదు, గాలి అవసరమే రాలేదు, మొదటి వాన వచ్చేదాకా ఆ లివరు ముట్టుకునే పనే పడలేదు. వాన వచ్చింది, పదకొండు మంది తడి కోట్ల ఆవిరి అద్దాన్ని కమ్మింది, బావ ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుస్తూ ఇంకో చేత్తో లివరు అద్దం బొమ్మ మీదకి తోశాడు, పోలేదు, ఇంకా గట్టిగా తోశాడు, ఫ్యాను పెంచాడు, పెంచినకొద్దీ కాళ్ళు వెచ్చబడ్డాయి, అద్దం ఇంకా మూసుకుపోయింది, సరిగ్గా బొమ్మ మీద పెట్టానా లేదా అని తల వంచి చూశాడు. తల వంచి చూశాడు. తల వాలిందన్న నర్సు అబద్ధం చెప్పలేదు, కాళ్ళు వెచ్చబడ్డాయన్న బావ అబద్ధం చెప్పలేదు, ఆ రెండిటినీ కలిపి నిద్ర అని పేరు పెట్టినవాణ్ణి నేను. ఆ నర్సు ఎముక విరగ్గొట్టింది కూడా బావ కాదు. ఆ అమ్మాయిని చూడ్డానికి బావని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను, ఆయన రెండు చేతులూ జోడించి నిలబడితే, పర్లేదు పెద్దాయనా, అలసిపోయి ఉంటారు అంది, నేను పక్కన నిలబడి అవునమ్మా అన్నాను. ఛీ.

"ఏమైందిరా, ఉలుకూ పలుకూ లేదు," అంది అక్క పైనుంచి.

ఏం లేదన్నాను. అనేశాక చూసుకున్నాను, నా చేతులు ఆగలేదు. నేను ఇదంతా ఆలోచిస్తుంటే అవి వాటి పని అవి చేసుకుపోతున్నాయి, క్లిప్పు వదులు చేశాయి, పై రంధ్రంలోంచి తీగ కొన లాగేశాయి, కింది రంధ్రంలో దూర్చేశాయి. తప్పు కనిపిస్తే సరిచెయ్యడం తప్ప వీటికి ఇంకోటి రాదు. ఒరే, ఆగండి, అది తప్పు ఒక్కటే కాదు, సాక్ష్యం, ఆఫీసరు వచ్చి చూడాల్సింది అదే, బొమ్మ ఒకవైపు, గాలి ఒకవైపు, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా అదే చెప్పేది. తెల్ల చుక్క పగిలి పొడిపొడిగా నా కంట్లో రాలింది. మళ్ళీ తప్పుగా పెడదామా, పెట్టి, ఇలా ఉండేది చూడండి అందామా, ఇప్పుడు పెట్టింది అప్పుడూ ఉందని ఎవరు నమ్ముతారు, బావమరిది బావని కాపాడుకోవడానికి నాటకం ఆడుతున్నాడంటారు. ఇంకో పక్క ఒక చల్లని మాట మెల్లగా లోపలికి వస్తోంది. నువ్వు ఏమీ చెయ్యకపోయినా పర్లేదు. క్లిప్పు బిగించి లేచి చేతులు తుడుచుకో. గాలి అద్దానికి పోతుంది, ఆఫీసరు టిక్కు పెడతాడు, బావ సంతకం పెడతాడు. ఇంకో రెండేళ్ళకి ఎలాగూ మానేసేవాడే, మోకాళ్ళ నొప్పులు, చలిలో తెల్లవారుజామున లేవడాలు, హాయిగా ఇంట్లో ఉంటాడు. అదే నీ సంగతి బయటపడితే ఈ షెడ్డుకి ఎవడొస్తాడు, కళ్ళు మూసుకుని చేసే మొనగాడివి, నీ చేతిలో బండి పెట్టి పిల్లల్ని ఎక్కించుకుని ఎవడు పోతాడు. కేసు అంటారేమో. అక్క మొహం ఎలా చూస్తావు, ఆవిడ మొగుడు మూడు వారాలుగా కుర్చీలో కూర్చుని తెల్లవారుస్తున్నాడు. చెప్పకపోతే చూడగలవా మరి. చూడగలను, ఇన్నాళ్ళూ చూడలేదా, ఇన్నాళ్ళూ తెలియదు కదా, తెలిసిందని ఎవరికి తెలుసు.

లివరు అద్దం బొమ్మ చివరకి తొయ్యి అక్కా, అలాగే పట్టుకో. మూతని వేలితో ఆనించాను, గింజంత సందు కూడా లేకుండా, తొడుగు సర్దాను, క్లిప్పు బిగించాను. ఇంత బాగా ఎప్పుడూ బిగించలేదు. పైన అద్దం మీద గాలి హోరున విప్పారింది, కింద నా చెవి దగ్గర చల్లబడింది. అక్క కాళ్ళు ముడుచుకుంది.

"ఇప్పుడు అద్దానికి పోతోంది. ఇందాక బొమ్మ ఇదేగా, కాళ్ళకెందుకొచ్చింది?"

"అప్పుడింకా బిగించలేదక్కా," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చింది. నోట్లో టార్చి రుచి, ఇనుము రుచి. అక్క సరేనంది, ఆవిడకి నా పని మీద నమ్మకం, చిన్నప్పటి నుంచీ, విరిగిన గడియారం నేను విప్పితే అమ్మ కసిరేది, వాడు మళ్ళీ పెడతాడులే అని అక్క అడ్డం నిలబడేది. నేను పాక్కుంటూ బయటకి వస్తుంటే షెడ్డు ముందు కారు ఆగిన చప్పుడు, ఇంకా పదకొండు కాలేదు, ముందే వచ్చేశాడు మహానుభావుడు, వానకోటు దులుపుకుంటూ లోపలికి వచ్చి, బావున్నారా అంటూ అట్టకి బిగించిన జాబితా బయటకి తీశాడు. చెడ్డమనిషి కాదు, తొందరలో ఉన్న మనిషి. టైర్లు చూశాడు, లైట్లు వేయించాడు, బ్రేకు తొక్కించాడు. ఆఖరికి తలుపులోంచి వంగి, అక్కకి అడ్డం రాకుండా తనే లివరు బొమ్మ మీదకి తోసి, అరచెయ్యి అద్దం దగ్గర పెట్టాడు. నేను రెండు నెలల కిందట పెట్టినట్టే పెట్టాడు. బ్రహ్మాండంగా వస్తోందే అన్నాడు. టిక్కు పెట్టాడు.

బావ గదిలోంచి వచ్చాడు. కాగితం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, రేకుల్లోంచి కారే వాన చినుకు పడకుండా. గడ్డం గీసుకున్నాడు, కుట్లు ఊడదీసిన చోట గులాబీ రంగు గీత, ఇస్త్రీ చొక్కా. ఆఫీసరు బండి ముందు భాగం మీద కాగితం పరిచి, చదువుకున్నారా అని అడిగాడు. చదువుకున్నానన్నాడు బావ. ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగాడు ఆఫీసరు, అడగాలట, పద్ధతిట. బావ నా వైపు చూశాడు. నింద లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని నేనూ కాస్త కోపం తెచ్చుకునేవాణ్ణి. తన గురించి తనకి తెలియని సంగతి నాకు తెలుసేమో అన్నట్టు చూశాడు, అంతే, క్లాసులో జవాబు రానివాడు పక్కవాడి పలక వైపు చూసినట్టు. లేదండి అని పెన్ను తీసుకున్నాడు. పెన్ను కాగితాన్ని తాకింది, ఇంటిపేరు మొదటి అక్షరం మొదలైంది, పని సరిగ్గా ఉంది, బండి సరిగ్గా ఉంది, చూపించడానికి నా దగ్గర తప్పు కూడా మిగల్లేదు, మాట తప్ప ఇంకేమీ లేదు, ఆ మాట కూడా ఇందాక అబద్ధమాడిన నోట్లోంచే రావాలి.

"బావా, ఆగు. నువ్వు పడుకోలేదు."

పెన్ను ఆగింది. ఆఫీసరు తలెత్తాడు.

"లివరు తిరగేసి బిగించింది నేను. బొమ్మ అద్దమంటే గాలి కాళ్ళకి పోయింది ఆ రోజు. ఇప్పుడే, పది నిమిషాల కిందట చూశాను. చూసి సరిచేసేశాను."

తర్వాత ఏం చెప్పానో వరస లేదు, పలక గురించి, రెండు రంధ్రాల గురించి, చూడని బొమ్మల గురించి చెప్పాను, కంట్లో తెల్ల పొడి మండుతోంది, ఏడుస్తున్నాననుకుని ఉంటారు, ఏడుస్తున్నానేమో కూడా. ఆఫీసరు ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నారని అడిగాడు, చెప్పాను, చెబుతుంటే ఆ అంకె సిగ్గుగా వినపడింది. ఇది రాసి సంతకం పెడతారా అన్నాడు, పెడతానన్నాను. నర్సు దగ్గరకి వెళ్ళాలి, నిజం చెప్పాలి, ఆ తర్వాత ఏం జరుగుతుందో తనకీ తెలియదన్నాడు. అక్క సీట్లోంచి దిగింది. ఇందాక కాళ్ళకి వచ్చింది కదా అన్నట్టు లివరు వైపు చూసింది, నా వైపు చూడలేదు, చెప్పులు కూడా వేసుకోకుండా చల్లటి సిమెంటు నేల మీద నడిచి వచ్చి బావ పక్కన నిలబడింది.

నేను దెబ్బకి సిద్ధంగా ఉన్నాను. ఆయన చేతులు పెద్దవి, ఎప్పుడూ ఎవరి మీదా ఎత్తినవి కావు, ఇవాళ ఎత్తితే న్యాయమే. బావ పెన్ను మూత పెట్టాడు, మూత రెండుసార్లు తప్పి మూడోసారి పడింది. అయితే తల వంచింది బొమ్మ చూడ్డానికేనా అన్నాడు. బొమ్మ చూడ్డానికే బావా అన్నాను. ఆయన పెదాలు ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు కదిలాయి, మలుపు, వాన, గుడ్డ, లివరు, ఒక్కొక్కటీ మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంటున్నట్టు. తర్వాత నా భుజం పట్టుకున్నాడు, గట్టిగా, నన్ను అక్కవైపు తిప్పాడు.

"మీ అక్కకి చెప్పు. నేను చెబితే నమ్మలేదు."